బంకరింగ్ (ఓడకు ఇంధనం ఎక్కించడం) వేళ ట్రైనీ ఏం చూడాలి? చమురు ఒలికితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర ఒక పల్లె. జీపీ రేటింగ్ శిక్షణ (ఓడలో సాధారణ సిబ్బందికి ఇచ్చేది), ఆపైన ట్యాంకర్లకు కావలసిన ప్రాథమిక కోర్సు పూర్తి చేశాను. వచ్చే నెలలో ఒక ఆయిల్ ట్యాంకరులో ఇంజన్ విభాగపు ట్రైనీగా చేరబోతున్నాను. కేరళ తీరంలో ఓడ మునిగిన వార్తలు చూసినప్పటి నుంచి మా అమ్మకు నిద్ర పట్టడం లేదు. చమురు సముద్రంలో ఒలికితే నాలాంటి చిన్న ఉద్యోగిని కూడా జైల్లో పెడతారా? ఓడకు ఇంధనం ఎక్కించేటప్పుడు ట్రైనీ ఏం చూసుకోవాలి? మురికి నూనెను దొంగచాటుగా వదిలే ఓడలు కూడా ఉంటాయని సీనియర్లు చెబుతున్నారు; ఆ పని నన్నే చెయ్యమంటే ఏం చెయ్యాలి? సేద్యం చేసే మా నాన్న మాత్రం, ‘అంత సముద్రంలో నాలుగు డబ్బాల నూనె ఏ మూలకొస్తుంది?’ అని కొట్టిపారేస్తున్నాడు.

సమాధానం: మీ నాన్నగారి ప్రశ్ననే ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే మిగిలిన ప్రశ్నలన్నింటికీ జవాబు దానిలోనే మొదలవుతుంది. నీటి మీద చమురు ఇంద్రధనుస్సు రంగుల్లో మెరుస్తున్నప్పుడు ఆ పొర మందం మిల్లీమీటరులో దాదాపు మూడువేల మూడువందలవ వంతుకు కూడా దిగుతుంది. ఆ లెక్కన ఒక్క లీటరు చమురు సుమారు 3,300 చదరపు మీటర్ల నీటిని, అంటే మీ నాన్నగారి కొలతలో ఎనభై సెంట్లకు పైగా, కప్పగలదు. రెండు వందల లీటర్ల పీపా ఒక్కటి బోర్లా పడితే నూట అరవై ఎకరాల సముద్రం రంగు మారుతుంది. ఇంత పలుచని పొర ఎండకూ గాలికీ త్వరగానే చెదిరిపోతుందన్నది నిజమే, అందులోనూ డీజిల్ వంటి తేలికపాటి నూనెలో చాలా భాగం ఆవిరైపోతుంది కూడా; కాని ఓడల ఇంజన్లలో మండించే ఫర్నేస్ ఆయిల్ సంగతి వేరు. అది సులువుగా ఆవిరి కాదు, అలల తాకిడికి నీటిని తనలోకి లాక్కుని గోధుమరంగు ముద్దగా మారి మూడు నాలుగింతలు ఉబ్బుతుంది, గాలి ఎటు వీస్తే అటు సాగి చివరికి ఏదో ఒక తీరానికి చేరుతుంది. ఆ తీరంలో కాకినాడ దగ్గరి కోరింగ వంటి మడ అడవి ఉంటే, వేళ్ల మధ్య బురదలోకి దిగిన ఆ నూనెను తియ్యబోయిన మనుషుల తొక్కిడి వల్లనే నూనె వల్ల కలిగేంత నష్టం కలుగుతుంది. అలస్కాలో 1989లో ఎక్సాన్ వాల్డీజ్ అనే ట్యాంకరు నుంచి ఒలికిన చమురు రెండు దశాబ్దాలు గడిచిన తరువాత కూడా అక్కడి గులకరాళ్ల తీరాన్ని తవ్విచూస్తే కనిపించింది.

ఒలికిన తరువాత తీసేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. తీసే సాధనాలు ఉన్నాయి, వాటి పేర్లు మీరు కోర్సులో చదివే ఉంటారు. బూమ్ అనే తేలే గోడను పరిచి తెట్టును చుట్టుముడతారు, స్కిమ్మర్ అనే యంత్రంతో పైపొరను తోడతారు. కాని ప్రవాహ వేగం ముప్పావు నాటు దగ్గరికి వచ్చిందంటే, అంటే గంటకు సుమారు 1.4 కిలోమీటర్లకు చేరిందంటే, ఎదురుగా కట్టిన బూమ్ అడుగు నుంచి నూనె జారిపోతుంది. అందుకే కేసీ కాలువ నీటిని పొలంవైపు మళ్లించడానికి అడ్డకట్ట కాకుండా ఏటవాలు కట్ట వేసినట్టుగా, బూమ్‌ను కూడా ఏటవాలుగా పరిచి నూనెను నెమ్మదైన నీటివైపు మళ్లిస్తారు. అలలు పెద్దవైతే అదీ సాగదు. నడిసముద్రంలో పెద్ద ప్రమాదం జరిగినప్పుడు యంత్రాలతో తిరిగి తోడగలిగేది సాధారణంగా ఒలికినదానిలో పదీ పదిహేను శాతానికి మించదని ఈ పనిలో ఉన్నవారందరూ ఒప్పుకునే మాట. 2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరులో రెండు ఓడలు ఢీకొన్నప్పుడు తీరానికి చేరిన జిగట ముద్దను విద్యార్థులూ జాలరులూ ప్రభుత్వ సిబ్బందీ బకెట్లతో ఎత్తిపోసిన దృశ్యం దేశమంతా చూసింది. అది చూసి చాలామంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అంత చిక్కటి నూనె నీళ్లతో, చెత్తతో కలిసి రాళ్ల సందుల్లో చేరాక పంపులు మొరాయిస్తాయి, మనిషి చెయ్యి తప్ప వేరే దారి చాలాచోట్ల ఉండదు.

చమురును చిన్న బొట్లుగా విడగొట్టి నీటిలో కలిపే డిస్పర్సెంట్ అనే రసాయనం గురించి ఒక్క హెచ్చరిక. దాన్ని చల్లితే నూనె కనబడకుండా పోతుంది కనుక తప్పు కప్పిపుచ్చుకోవాలనుకునేవారికి అది చాలా ఆకర్షణీయంగా ఉంటుంది. 1967లో ఇంగ్లండు తీరంలో టోరీ కేన్యన్ ట్యాంకరు రాళ్లకు తగిలినప్పుడు వేల టన్నుల డిటర్జెంట్లు కుమ్మరించారు (మిగిలిన నూనెను కాల్చేయడానికి విమానాలతో బాంబులు కూడా వేశారు). తీరంలోని జీవులకు నూనె కన్నా ఆ డిటర్జెంట్లే ఎక్కువ చేటు చేశాయని తరువాత తేలింది. ఇప్పటి రసాయనాలు అంత విషపూరితమైనవి కావు, అయినా ఎక్కడ, ఎంత లోతు నీటిలో, ఎప్పుడు చల్లవచ్చో నిర్ణయించేది తీర దేశపు అధికారులు. మన జలాల్లో ఆ అనుమతి కోస్ట్ గార్డ్ ఇవ్వాలి. చమురు ప్రమాదాలకు 1996 నుంచి మన దేశంలో ఒక జాతీయ ప్రణాళిక ఉంది. దాన్ని నడిపేది కోస్ట్ గార్డే. అందువల్ల ఓడ డెక్కు మీద ఏ డ్రమ్ములో సబ్బునీళ్లున్నా, ఎవరు చెప్పినా, అనుమతి లేకుండా అందులో ఒక్క మగ్గు కూడా సముద్రంలోకి పోయకండి.

కాబట్టి అసలు పని అంతా నూనె నీటిలో పడకముందు చేయవలసినదే. ఇందులో లోకం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1970లలో ట్యాంకర్ల నుంచి ఏడు టన్నులకు మించి ఒలికిన ఘటనలు ఏడాదికి సగటున డెబ్బై తొమ్మిది దాకా జరిగేవి. 2010లు వచ్చేసరికి అవి ఆరుకు తగ్గాయి. ఓడల వల్ల సముద్రం కలుషితం కాకుండా దేశాలు చేసుకున్న మార్పోల్ ఒప్పందం, ఎక్సాన్ వాల్డీజ్ తరువాత తప్పనిసరైన రెండు పొరల ఓడగోడ, మెరుగైన దారి పరికరాలు, తీర దేశాల తనిఖీలు, అన్నీ కలిసి తెచ్చిన ఫలితం ఇది. మీరెక్కబోయే ట్యాంకరు ఈ విషయంలో మామూలు సరుకు ఓడ కన్నా ఎక్కువ క్రమశిక్షణ ఉన్న చోటు అని మీ అమ్మగారికి ధైర్యంగా చెప్పవచ్చు. ఆవిడను భయపెట్టిన ఎంఎస్‌సీ ఎల్సా 3 ట్యాంకరు కాదు, కంటైనర్ ఓడ. 2025 మే 25న కొచ్చి తీరానికి ఆవల అది మునిగినప్పుడు దాని సొంత ట్యాంకుల్లో సుమారు 367 టన్నుల ఫర్నేస్ ఆయిల్, 84 టన్నుల డీజిల్ ఉన్నాయి. దానిలోని ఇరవై నలుగురూ ప్రాణాలతో బయటపడ్డారు. 2020 జూలైలో మారిషస్ పగడపు దిబ్బల మీదికెక్కి సుమారు వెయ్యి టన్నుల నూనె ఒలికించిన వకాషియో కూడా ట్యాంకరు కాదు, ఒలికినది దాని ఇంజను కోసం ఉంచుకున్న ఇంధనమే. మొబైల్ సిగ్నల్ అందుకోవడానికి అది తీరానికి మరీ దగ్గరగా వచ్చిందని దాన్ని నడిపించిన సంస్థే తరువాత వెల్లడించింది.

ఇక మీ చేతుల్లో ఉండే పని బంకరింగ్. ఓడకు ఇంధనం ఎక్కించే ఆ కొద్ది గంటల్లో ట్రైనీకి అప్పగించే పనులు చిన్నవిగా కనిపిస్తాయి: స్కప్పర్లు మూసిరా, సౌండింగ్ తీసిరా, ఎయిర్ పైపు దగ్గర నిలబడు. ఓడరేవుల్లో జరిగే చిన్న ఒలుకులు ఎక్కువగా ఇవి సరిగా జరగనప్పుడే జరుగుతాయి. సౌండింగ్ అంటే ట్యాంకులోని నూనె లోతును టేపుతో కొలవడం, ఎయిర్ పైపు అంటే ట్యాంకు నిండుతుంటే లోపలి గాలి డెక్కు మీదికి పోయే గొట్టం. డెక్కు అంచున వాననీరు పోవడానికి ఉన్న రంధ్రాలే స్కప్పర్లు. వాటి బిరడాలను పైన పెట్టి వచ్చేయడం కాదు, బిగించి, ఒకసారి నీళ్లు పోసి కారడం లేదని చూసుకోవాలి. ఎందుకంటే ట్యాంకు పొంగితే నూనె మొదట పడేది డెక్కు మీద, అది అక్కడే నిలిచిందా సముద్రంలోకి దిగిందా అన్నది ఆ బిరడా మీద ఆధారపడి ఉంటుంది. వాన కురిస్తే బిరడాలు వేసిన డెక్కు మీద నీళ్లు నిలుస్తాయి, ఆ నీటిమీద నూనె తేలి అంచు దాటుతుంది, కనుక నీటిపై నూనె లేదని అధికారి చూశాక నీళ్లు వదిలి మళ్లీ మూయాలి. గొట్టం తగిలించే మానిఫోల్డు కింద, ఎయిర్ పైపుల చుట్టూ ఉండే తొట్లకు కూడా అడుగున బిరడాలుంటాయి; అందరూ మరచిపోయేవి అవే. గొట్టం ఫ్లాంజికి అన్ని బోల్టులూ పడ్డాయా, గ్యాస్కెట్ కొత్తదేనా, వాడని రెండో వైపు మానిఫోల్డుకు మూత బిగించి ఉందా అన్నవి మీ పని కాకపోయినా మీ కళ్లు పడవలసినవే.

పంపు మొదలయ్యేముందు ఇంధనం తెచ్చిన బార్జి (చదునైన పడవ) వాళ్లతో మాట్లాడే వాకీటాకీ పనిచేస్తోందని, ఆపమనడానికి ఏ సంకేతమో రెండు పక్షాలకూ తెలుసునని చూసుకుంటారు. ఆ సంకేతం మీకూ తెలిసి ఉండాలి. తెలియకపోతే సిగ్గుపడకుండా అడగండి. మొదట నెమ్మదిగా పంపిస్తారు, ఆ సమయంలోనే నూనె అనుకున్న ట్యాంకులోకే వెళ్తోందా, పక్క ట్యాంకులో మట్టం పెరగడం లేదు కదా అని సౌండింగ్ తీసి తేల్చుకోవాలి. సౌండింగ్ అంకెను మీకు తోచినంత చెప్పకండి. టేపు జారినా, మరక స్పష్టంగా లేకపోయినా మళ్లీ తీయండి. ఓడ ఒక పక్కకు ఒరిగి ఉన్నా, ముందువెనుకలు ఎత్తుపల్లాలుగా ఉన్నా అదే లోతుకు నూనె పరిమాణం మారుతుంది, ఆ సవరణకు పట్టికలుంటాయి, వాటిని చూడడం నేర్చుకోండి. ట్యాంకును అంచుదాకా నింపరు, చాలా కంపెనీలు తొంభై శాతం దగ్గరో అంతకన్నా ముందో ఆపుతాయి. నిండడానికి వచ్చే ఆ చివరి ఘట్టంలో పంపు వేగం తగ్గించాలి, ఒక ట్యాంకు నుంచి ఇంకొకదానికి మారేటప్పుడు కొత్తదాని వాల్వు తెరిచాకే పాతదాన్ని మూయాలి. అంతా అయిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకునే వేళ ఇంకొక గండం ఉంది: గొట్టంలో మిగిలిన నూనెను గాలితో నెట్టినప్పుడు ఆ గాలి ట్యాంకులోకి దూరి నూనెను ఒక్కసారిగా పైకి లేపుతుంది. ఎయిర్ పైపు దగ్గర నిలబడ్డవాడు అప్పటికే టీ కోసం వెళ్లిపోయి ఉంటాడు.

గంటకు రెండు వందల టన్నుల చొప్పున పంపు నడుస్తోందనుకుందాం. అంటే నిమిషానికి మూడు టన్నులకు పైగా. ఎయిర్ పైపు నుంచి నూనె బుస కొట్టడం చూసి, సెకండ్ ఇంజనీరు ఎక్కడున్నాడో వెతికి, ఆయన అనుమతి తీసుకుని ఆపుదామని మీరు ఒక్క నిమిషం ఆలస్యం చేస్తే మూడు టన్నులు డెక్కు మీదికి వచ్చేస్తాయి. కాబట్టి ఆ క్షణంలో చిన్నా పెద్దా లేదు, మీరే గట్టిగా ‘స్టాప్’ అని అరవాలి, వాకీటాకీలో చెప్పాలి, ఎమర్జెన్సీ స్టాప్ మీ చేతికి అందేచోట ఉంటే నొక్కాలి. అనవసరంగా ఆపినందుకు తిట్లు పడవచ్చు. నా ఉద్దేశంలో మంచి చీఫ్ ఇంజనీరు ఆ తప్పును మరుసటి రోజుకే మరచిపోతాడు. పంపు ఆగాక అలారం మోగుతుంది, ఖాళీగా ఉన్న ట్యాంకులోకి నూనె మళ్లించి పొంగినదాని మట్టం దించుతారు, సోపెప్ (చమురు ఒలికితే ఏం చేయాలో చెప్పే ఓడ అత్యవసర ప్రణాళిక) లాకరు నుంచి రంపపుపొట్టు, పీల్చే ప్యాడ్లు, పారలు, గాలిపంపు తెచ్చి డెక్కు మీది నూనెను డ్రమ్ముల్లోకి ఎత్తుతారు. నీళ్ల పైపుతో కడిగి బయటికి నెట్టేద్దామన్న ఆలోచన ఎవరికి వచ్చినా అది నేరం. నీటిలో ఒక చుక్క పడినా కెప్టెన్ దగ్గరలోని తీర దేశానికి కబురు చేయాలి, ఎవరికి చేయాలో ఆ ప్రణాళికలోనే రాసి ఉంటుంది. తామే ముందుగా చెప్పిన ఓడకూ, బయటివాళ్లు పట్టుకున్న ఓడకూ అధికారులు చూపే మొహం ఒకటి కాదు.

దొంగ పైపు సంగతికి వస్తాను. ఇంజను గదిలో కారిన నీరూ నూనే కలిసి ఓడ అట్టడుగున ఉండే బిల్జిలో చేరతాయి. ఆ నీటిని సెపరేటరులో వడకట్టి, పది లక్షల పాళ్లలో పదిహేను పాళ్లకు మించి నూనె లేదని మీటరు చూపినప్పుడు మాత్రమే, ఓడ కదులుతున్నప్పుడు మాత్రమే బయటికి వదలవచ్చు. తీసిన మడ్డిని ఓడలో కాల్చాలి, లేదా రేవులో అప్పగించాలి. సెపరేటరుకు మరమ్మతు, రేవులో అప్పగింత రెండూ ఖర్చు. ఆ ఖర్చు తప్పించుకోవడానికి సెపరేటరును దాటవేసి నేరుగా బయటికి బిగించే పైపును ఓడవాళ్లు ‘మ్యాజిక్ పైపు’ అంటారు. 2013 ఆగస్టులో కరీబియన్ ప్రిన్సెస్ అనే ప్రయాణికుల ఓడలో కొత్తగా చేరిన ఒక ఇంజనీరు అలాంటి పైపును గమనించి, సౌతాంప్టన్ రేవులో ఉద్యోగం వదులుకుని దిగిపోయి, బ్రిటిష్ అధికారులకు తెలియజేశాడు. ఆ కేసు అమెరికా దాకా నడిచి, 2016లో ప్రిన్సెస్ క్రూయిజ్ లైన్స్ సంస్థ నేరం ఒప్పుకుని నాలుగు కోట్ల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. అమెరికా చట్టం ప్రకారం అటువంటి సమాచారమిచ్చినవారికి జరిమానాలో సగం వరకు ఇవ్వడానికి కోర్టుకు అధికారం ఉంది. బహుమతి ఆశతో వెళ్లమని నేను చెప్పడం లేదు, పైగా మీరు అందాకా వెళ్లవలసిన అవసరం చాలావరకు రాదు.

మీతో ఆ పని చేయించబోతే ముందుగా మర్యాదగానే, ‘సార్, ఇది ఆయిల్ రికార్డ్ బుక్‌లో ఎలా రాస్తాం?’ అని అడిగి చూడండి. చాలాసార్లు ఆ ప్రశ్నతోనే మాట మారుతుంది. మారకపోతే చేయనని చెప్పండి, చేయని పనికి సంతకం పెట్టకండి, ఏ రోజు ఏ సమయానికి ఎవరు ఏమన్నారో మీ సొంత నోటుబుక్కులో రాసుకోండి. ప్రతి కంపెనీలోనూ ఓడ భద్రత గురించి ఎవరైనా నేరుగా మాట్లాడగలిగేలా తీరం మీద ఒక బాధ్యుడు ఉండాలని ఓడల భద్రతా నిర్వహణకు సంబంధించిన అంతర్జాతీయ నియమావళి ఐఎస్ఎం కోడ్ శాసిస్తుంది. ఆయనను డీపీఏ అంటారు, ఆయన ఫోను నంబరు ఓడలో అందరికీ కనబడేలా అంటించి ఉంటుంది. అక్కడా న్యాయం జరగకపోతే ఓడ ఆగిన రేవులోని తనిఖీ అధికారులున్నారు. దీనివల్ల మీకు మరుసటి కాంట్రాక్టు దొరకకపోయే అవకాశం ఉందని దాచిపెట్టి మీకు సలహా ఇవ్వలేను. అయినా సంతకం పెట్టకపోవడమే మేలు అంటాను, ఎందుకంటే ఈ కేసులు ఎక్కువగా నూనె వదలడం మీద కన్నా తప్పుడు రికార్డు మీద, అబద్ధపు వాంగ్మూలం మీద నిలబడతాయి. వదలమన్నవాడు జారిపోవచ్చు, సంతకం మాత్రం ఎవరిదో తెలిసిపోతుంది.

జైలు గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ట్యాంకరు నుంచి చమురు ఒలికితే నష్టపరిహారం చెల్లించవలసింది ఓడ యజమాని. తప్పు ఎవరిదన్న వాదనతో దాదాపు సంబంధం లేకుండా ఆ భారం యజమాని మీదే ఉంటుంది, దానికి తప్పనిసరి బీమా ఉంటుంది, అది చాలకపోతే అంతర్జాతీయ నిధి నుంచి ఇస్తారు. మన దేశం ఈ ఒప్పందాల్లో భాగస్వామి. ట్రైనీ జీతంలోంచి సముద్రం కడిగించరు. కాని నేరవిచారణ వేరే సంగతి. 2007 డిసెంబరులో దక్షిణ కొరియా తీరంలో లంగరు వేసి ఉన్న హెబీ స్పిరిట్ అనే ట్యాంకరును, తాడు తెగి కొట్టుకొచ్చిన ఒక క్రేను బార్జి గుద్దింది. పదివేల టన్నులకు పైగా చమురు ఒలికింది. ఆ ట్యాంకరులోని ఇద్దరు భారతీయ అధికారులను మొదటి కోర్టు నిర్దోషులని తేల్చినా, అప్పీలులో శిక్ష పడింది, చివరికి 2009 జూన్‌లో గాని వాళ్లు ఇల్లు చేరలేదు. అందులో చిక్కుకున్నది కెప్టెనూ చీఫ్ ఆఫీసరూ. ట్రైనీలను నిందితులుగా చేర్చడం అరుదు, సాక్షులుగా కొన్నాళ్లు ఆపడం మాత్రం జరగవచ్చు. అటువంటప్పుడు ఓడ కంపెనీ వకీలునూ మన రాయబార కార్యాలయాన్నీ అడిగే హక్కు మీకుంది. అడిగినదానికి తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదనండి, ఫోనులోని ఫోటోలుగాని లాగ్ పుస్తకంలోని పేజీలుగాని ఎవరు చెప్పినా చెరపకండి.

మన ప్రాంతం నుంచి ఓడ ఉద్యోగాలకు వెళ్లేవారు నాకు రాసే ఉత్తరాల్లో జీతం గురించే ఎక్కువ ఉంటుంది, మీరు వాల్వుల గురించి అడిగారు. అందుకని ఇంకొక పని అప్పగిస్తున్నాను. ఓడ ఎక్కిన మొదటి వారంలో మీ షిఫ్టు ముగిశాక, ఇంధనం పైపుల పటం ఒకటి సెకండ్ ఇంజనీరును అడిగి తీసుకుని, మానిఫోల్డు నుంచి ఒక్కొక్క ట్యాంకు దాకా ఆ పైపు వెంట నడవండి. ప్రతి వాల్వునూ పటంలో గుర్తుపెట్టండి, ప్రతి ట్యాంకు ఎయిర్ పైపు డెక్కు మీద ఎక్కడ తేలుతుందో చూడండి, ఎమర్జెన్సీ స్టాప్ మీటలు ఎన్ని ఉన్నాయో, సోపెప్ లాకరు తాళం ఎవరి దగ్గర ఉంటుందో తెలుసుకోండి. పటంలో ఉండి ఓడలో కనిపించని వాల్వు, ఓడలో ఉండి పటంలో లేని పైపు ఏదైనా కనిపిస్తే, దాని గురించి మొదటి బంకరింగ్ కన్నా ముందే అడగండి.